వట్టివేరు వరుస: 14 నెలల లెక్క

పెరటి చివర మట్టి గట్టు వాన పడినప్పుడల్లా కాస్త కాస్తగా కిందికి జారిపోతోంది. రాళ్లు పేర్చే ఓపిక లేక, వేళ్లతో మట్టిని పట్టి ఉంచే వట్టివేరు గడ్డి నాటాను. అప్పటి నుంచి నోటుపుస్తకంలో రాసుకున్నవి ఇవి.

మొదటి రోజు: పాత దుబ్బు ఒకటి తవ్వి తెచ్చాను. దాన్ని విడదీయడమే పెద్ద పని. చేత్తో లాగితే కదల్లేదు. పార అంచుతో నాలుగు ముక్కలు చేసి, బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి వదిలించాక పిలకలు విడివడ్డాయి. రెండు మూడు పిలకలను కలిపి ఒక మొక్కగా తీసుకున్నాను. ఆకులు 20 సెంటీమీటర్లకు, వేళ్లు 10 సెంటీమీటర్లకు కోశాను. అంత కోయడానికి చెయ్యి రాలేదు. కానీ వేళ్లు తెగిన మొక్కకు ఆకులు నిండుగా ఉంచితే, లోపలున్న కాస్త తేమా వాటి గుండానే ఆవిరైపోతుంది.

6 మీటర్ల వరుసలో 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 40 మొక్కలు పట్టాయి. వరుస వాలుకు అడ్డంగా ఉండాలి. ఎడం పెరిగితే నీళ్లు ఆ సందులో దూరి మట్టిని ఇంకా వేగంగా కోస్తాయి. మిగిలిన పది పిలకలను కుండీల్లో పెట్టాను. ఆ ముందుచూపే తర్వాత నన్ను కాపాడింది.

12వ రోజు: ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగాయి. పోయాయనుకుని మూడింటిని పీకబోయాను. వంగి చూస్తే ఎండిన ఆకుల మడతలోంచి సూదిమొనంత పచ్చటి చిగురు! ఇప్పుడు మొదలును చేతివేళ్లతో నొక్కి చూస్తున్నాను. గట్టిగా ఉంటే బతికున్నట్టే, మెత్తబడితే కుళ్లినట్టు.

మూడో వారం: నా తప్పు ఇక్కడే. కరవును తట్టుకునే గడ్డి కదా అని నీళ్లు మానేశాను. ఐదు చచ్చిపోయాయి. ఆ తట్టుకునే శక్తంతా లోతుకు దిగిన వేరుది. జానెడు వేరు కూడా లేని పిలక మామూలు నారు మొక్కతో సమానం. కుండీల్లోని పిలకలతో ఖాళీలు పూడ్చి, ఆ తర్వాత నెల రోజులు రోజు విడిచి రోజు, రెండో నెల వారానికి రెండుసార్లు, మూడో నెల వారానికోసారి తడిపాను. తర్వాత పూర్తిగా ఆపేశాను.

4వ నెల: నడుమెత్తు పెరిగింది. 40 సెంటీమీటర్ల ఎత్తుకు కోస్తే పక్క పిలకలు బాగా వచ్చాయి. ఆకు అంచు రంపంలా ఉంటుంది, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి (మణికట్టు మీది గీతలు పోవడానికి వారం పట్టింది). కోసిన ఆకును మొదళ్ల దగ్గరే పరిచాను.

చెట్టు నీడ పడే చివరన ఏడు మొక్కలు మాత్రం ఎదగలేదు, సన్నగా సాగి వాలిపోయాయి. మూడు పోయాయి కూడా. ఎండకు, వానకు, నీటి ముంపుకు తట్టుకునే ఈ గడ్డికి నీడ మాత్రం పడదు. కొమ్మలు కొట్టించడంలో ఆలస్యం చేశాను.

8వ నెల: ఆత్రం ఆగక ఒక దుబ్బు పక్కన మీటరు లోతు తవ్వాను. వేళ్లు పక్కలకు పెద్దగా పాకకుండా దాదాపు నిలువుగా దిగాయి. కొసలు ఇంకా కిందికే పోతున్నాయి. అనువైన నేలలో మూడు నాలుగు మీటర్ల వరకు దిగుతాయి, నా నడుము అందుకు ఒప్పుకోలేదు. తెగిన వేరును నలిపితే తడి చెక్క వాసన చాలాసేపు చేతివేళ్లను వదల్లేదు.

ఎండాకాలం: రెండున్నర నెలలు చుక్క నీరు పోయలేదు. ఆకు కొసలు ఎండుగడ్డిలా అయ్యాయి, మొదలు పచ్చగానే ఉంది. తొలి వాన తర్వాత వారానికే కొత్త ఆకు లేచింది.

ఊదారంగు కంకులు వచ్చాయి. దక్షిణ భారత రకానికి మొలకెత్తే విత్తనం పట్టదు కాబట్టి కలుపుగా మారే భయం లేదు. ఉత్తర భారత రకం విత్తనంతోనూ వ్యాపిస్తుంది. పిలకలు తెచ్చుకునే ముందు ఏ రకమో తెలుసుకోవాలి.

14వ నెల: వరుసకు ఎగువన వేలెడు మందాన మెత్తటి ఒండ్రు చేరింది. నీడ చివర ఆ మూడు ఖాళీల్లోంచి మాత్రం నీళ్లు ఇంకా పోతున్నాయి. కొమ్మలు కొట్టించాను. వచ్చే వారం చివరి దుబ్బును చీల్చి అక్కడ నాటాలి, మళ్లీ రోజు విడిచి రోజు బిందె మోయాలి.