చవక షార్ట్‌వేవ్ రేడియో కొనే ముందు

నా మొదటి షార్ట్‌వేవ్ రేడియోకు ముల్లు తిరిగే డయల్ ఉండేది. దాని మీద 31 మీటర్ల బ్యాండ్ మొత్తం, అంటే 9,400 నుంచి 9,900 కిలోహెర్ట్జ్ వరకు, చూపుడువేలి గోరంత జాగాలో ఇరుక్కుని ఉండేది. స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్ ఎడంలో వరుసగా కూర్చునే ఆ బ్యాండులో ముల్లు వెంట్రుకవాసి కదిలితే మూడు స్టేషన్లు దాటిపోయేవి. అంతకన్నా విసుగు పుట్టించిన విషయం మరొకటి ఉంది. 9,500 దగ్గర బలంగా వినిపించిన స్టేషనే 8,600 దరిదాపుల్లో మళ్లీ పలికేది. కొత్త స్టేషన్ దొరికిందని నేను చాలా రోజులు సంబరపడ్డాను. నిజానికి అది 455 కిలోహెర్ట్జ్ మధ్యమ పౌనఃపున్యంతో (అందుకున్న ప్రతి స్టేషన్‌నూ రేడియో తన లోపల మార్చుకునే స్థిర పౌనఃపున్యం) పనిచేసే చవక రేడియోలలో, దానికి రెట్టింపైన 910 కిలోహెర్ట్జ్ దిగువన, కనిపించే నీడ మాత్రమే.

అందుకే ఎవరైనా సలహా అడిగితే పెట్టె మీద ఎన్ని బ్యాండ్లని రాసి ఉందో చూడవద్దనీ, పౌనఃపున్యాన్ని అంకెల్లో చూపించి, మీటల మీద నేరుగా నొక్కనిచ్చే రేడియోనే తీసుకోమనీ చెబుతాను. సంకేతాన్ని అంకెలుగా మార్చి శుద్ధి చేసే డీఎస్‌పీ చిప్పులు వచ్చాక తక్కువ ధర రేడియోలలో కూడా ఈ సౌకర్యం దొరుకుతోంది, నీడ స్టేషన్ల బెడద కూడా చాలావరకు తగ్గింది. టెక్సన్ పీఎల్-380 ఈ కోవలోదే. అది మూడు మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది కనుక ప్రయాణంలో దిగులుండదు. అయితే షార్ట్‌వేవ్‌కు బయటి యాంటెన్నా తగిలించే రంధ్రం దానికి లేదు, అదే కంపెనీ పీఎల్-310ఈటీకి ఉంది.

హ్యామ్‌ల, అంటే అభిరుచి కొద్దీ రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారి, సంభాషణలు వినాలన్న కోరిక ఉంటే ఎస్‌ఎస్‌బీ (వారు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ ప్రసారాన్ని అందుకునే సౌకర్యం) తప్పనిసరి. అది లేని రేడియోలో 7,100 దగ్గర మాటలు బాతుల గోలలా వినిపిస్తాయి. ఎక్స్‌హెచ్‌డేటా డి-808లో ఆ సౌకర్యం ఉంది. ప్రసారాలు మాత్రమే వినేవారు దానికోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం.

మిగిలిన డబ్బుతో ఐదారు మీటర్ల తీగ కొని, ఒక కొసను రేడియో యాంటెన్నాకు క్లిప్పుతో తగిలించి, రెండో కొసను కిటికీ బయటకు వదలండి. పగలు 15 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, చీకటి పడ్డాక 6 నుంచి 10 మెగాహెర్ట్జ్ మధ్య వెతకండి. కొత్త రేడియో కొన్న రాత్రి ఎక్కడ తిప్పినా బర్రుమనే రొద తప్ప ఏమీ రాక, లోపం ఉన్న సరుకు అంటగట్టారని నేను తిట్టుకున్నాను. గోడకున్న ఫోన్ ఛార్జర్‌ను తీసి, ఎల్‌ఈడీ బల్బు ఆర్పేసరికి ఆ రొద ఠక్కున ఆగిపోయి, అంతవరకు దాని అడుగున నలిగిపోతున్న ఒక వార్తల గొంతు స్పష్టంగా పైకి వచ్చింది.