ఊఁ

పొద్దున టిఫిన్ దగ్గర చిన్నది "ఊఁ" అంది. అంతే. రాత్రి పదకొండవుతోంది, నాకింకా నిద్ర పట్టట్లేదు.

ఉత్త ఊఁ కాదది. పళ్ళెంలోంచి తలెత్తకుండా, ఒక్క కనుబొమ్మ పైకి లేపి, ముక్కుతో లాగిన ఊఁ. "పాలు తాగేశావా?" అన్నదానికి సమాధానం. ఈయన ఫోన్లోంచి తలెత్తి కూతురితో "అచ్చం మీ అమ్మే" అన్నారు. దానికి నేను కూడా ఊఁ అన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అక్కడితో వదిలేస్తేనా! మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్ళీ మొదలు. ఇక్కడ ఉగాండాలోనే, మన కిబాలే అడవిలో, కన్యవారా గుంపు చింపాంజీల మీద 2025లో ఒక పరిశోధన వచ్చిందిట. అరుస్తూ చెయ్యి ఎలా కదపాలి, ఎటు చూడాలి అన్న కలగలుపు పిల్లలకి తల్లి వైపు నుంచే వస్తోందిట. తండ్రి వైపు పోలికే కనపళ్ళేదుట. చెబుతున్నప్పుడు ఆ మొహం చూడాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి సైన్సు కోర్టుకొచ్చి ఆయన పక్షాన సాక్ష్యం చెప్పినట్టు!

జవాబు నాకు సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే తట్టింది. మగ చింపాంజీ పిల్లల పెంపకం జోలికి పెద్దగా రాదు కదా. నాలుగైదేళ్ళు పాలు తాగేది తల్లి దగ్గర, రాత్రి గూట్లో పడుకునేది తల్లి పక్కన. ఇంకెవర్ని చూసి నేర్చుకుంటుంది? ఈయన సోమవారం జింజా వెళ్తే మళ్ళీ శుక్రవారం రాత్రికి. ఈ మాట అందామని చెయ్యి తుడుచుకుని వెళ్తే గురక పెడుతున్నారు.

కిబాలే అంటే ఆ టోపీ ఆయనే గుర్తొస్తాడు, ఏం చెయ్యను. అంత డబ్బు కట్టి, మాస్కులేసుకుని, బురదలో నడిచి వెళ్తే చింపాంజీల్ని చూడనిచ్చేది ఒక్క గంట. మా గుంపులో ఈ టోపీ ఆయన దారి పొడుగునా హూ హూ అని మగ చింపాంజీల కేకని అనుకరించడం. అదేమో మెల్లగా మొదలై, ఊపిరి ఎగబీలుస్తూ పెరిగి, చివర్లో అడవి దద్దరిల్లేలా పేలే కేక. టోపీ ఆయనది దగ్గొచ్చినట్టుంది. గైడు రెండుసార్లు వద్దన్నాడు. వింటేనా!

అప్పుడే చూశాను. అత్తిచెట్టు మీద ఒక తల్లి పక్క కొమ్మకి దాటింది. పిల్ల ఇవతలే ఉండిపోయింది. పెదాలు సున్నాలా చుట్టి హు... హు... హు అని సన్నగా మొదలుపెట్టింది. తల్లి కాయ నములుతూనే ఉంది. ఏడుపు పెరిగి కీచుగా మారబోతుంటే, మొహం తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపింది. పిల్ల పట్టుకుని దాటేసింది. ఆ హు హు తలుచుకుంటే ఇప్పటికీ వెనకాల టోపీ ఆయన దగ్గే వినిపిస్తుంది.

కానీ ఆ తల్లి కూడా మొహం తిప్పలేదు. ఇది రాస్తుంటేనే తట్టింది.

తెనాల్లో మా అమ్మ పొయ్యి దగ్గర పోపు వేస్తూ, వెనక్కి చూడకుండా అనేది ఊఁ. పొట్టిదైతే సరే అని. పొడుగుదైతే సినిమాకి వెళ్ళొద్దని. ఒళ్ళు మండేది నాకు. అంటే ఈయన అన్నది నిజమే. చచ్చినా ఆయనతో అనను.

పడుకున్నాక నేనూ ఫోన్ తీసి చదివాను. ఇక్కడి బుడోంగో అడవిలో బుల్లి చింపాంజీలు మొదట్లో ఎవరు పడితే వాళ్ళని చూసి గుర్రుమంటాయిట. ఎవరు పెద్దో తెలిసొచ్చాకే ఆ దణ్ణం లాంటి గుర్రు వాళ్ళకి మాత్రం పెడతాయిట. ఐవరీ కోస్ట్‌లోని తాయీ అడవిలో అరుపుల్ని వరసగా గుదిగుచ్చడం పదేళ్ళ దాకా పెరుగుతూనే ఉంటుందిట. మా దానికి తొమ్మిది. ఇంకో ఏడాది టైముందిలే అనుకున్నా.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పిల్ల బాగుందా?" అంది. ఊఁ అన్నాను. "ఏమిటే ఆ మూలుగు, నోరు పెగలదా?" అని కసిరింది!

ఇందాక కిటికీ వెయ్యడానికి వెళ్తే కర్టెన్ వెనకాల పాల గ్లాసు దొరికింది. సగం అలాగే ఉంది, చీమలు పట్టి.