బెల్లం వెనక కాళ్ళు

ఫిబ్రవరిలో ఒక ఉదయం మా బెల్లం ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ గిన్నె దగ్గరికి వచ్చింది. వెనక కాళ్ళు రెండూ తడిగుడ్డల్లా నేల మీద జారుతున్నాయి. ఆరేళ్ళ డాక్స్‌హుండ్ జాతి కుక్క అది. రంగును బట్టి ఆ పేరు పెట్టుకున్నాం. అంతకు ముందు రెండు రోజులు సోఫా ఎక్కకుండా, వీపు వంచుకుని మూలన కూర్చుంటే కడుపు నొప్పి అనుకుని పెరుగన్నం పెట్టి ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

గుంటూరు జిల్లాలో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా రిటైరైన నాన్నకు, మేముండే టెక్సాస్‌లోని ప్లేనో నుంచి వీడియో కాల్ చేశాను. ఆయన ఒక్కటే అడిగారు: "వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే తిరిగి చూస్తోందా అమ్మా?"

గంట తరువాత ఎమర్జెన్సీ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు ఫోర్సెప్స్‌తో చేసిన పరీక్ష కూడా అదే. కాలు వెనక్కి లాక్కోవడం వెన్నుపాము తనంతట తాను చేసే పని కనుక దాన్ని నమ్మడానికి లేదు. తల తిప్పి చూస్తేనో, మూలిగితేనో నొప్పి మెదడు దాకా చేరినట్టు. బెల్లం తిరిగి చూసి గుర్రుమంది. దాని గుర్రు వినడానికి నేను అంతగా ఎదురు చూసింది ఎప్పుడూ లేదు.

పొట్టి కాళ్ళతో ముడిపడిన ఒక జన్యుమార్పే ఈ జాతి కుక్కల్లో వెన్నుపూసల మధ్య డిస్కులు చిన్న వయసులోనే సున్నం పట్టి గట్టిపడటానికి కూడా కారణమని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో గుర్తించారు. అలా గట్టిపడిన గుజ్జు ఏదో ఒక గెంతుకు చిట్లి వెన్నుపామును నొక్కుతుంది. ఎమ్మారై, ఆపరేషన్ కలిపి 9,000 డాలర్ల అంచనా వేశారు. నొప్పి తెలుస్తోంది కనుక ఆరు వారాలు క్రేటులో, అంటే చిన్న బోనులో, కదలకుండా ఉంచి, కార్ప్రొఫెన్, గాబాపెంటిన్ అనే నొప్పి మందులు వాడి చూడవచ్చని, ఆ నొప్పి తెలియడం ఆగిపోతే మాత్రం రాత్రనక పగలనక వెంటనే తీసుకురావాలని చెప్పారు. సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ కూడా చేయించవచ్చన్నది ఆయన చివరగా అన్న మాట.

నాకు నమ్మకం కుదరలేదు. మా ఊళ్ళో ఎద్దు కుంటితే ఇనుము ఎర్రగా కాల్చి వాతలు పెట్టేవారు. ఆ పుండ్లకు మందు రాసే పని నాన్నకు పడేది. "కుంటు పోలేదు, ఈగలు మాత్రం వచ్చాయి" అని విసుక్కునేవారు. కనుక సూదుల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళే ముందు ఆవిడ చదువేమిటో వెతికాను. మామూలు పశువైద్య పట్టా ఉంది. దాని మీద 1974లో మొదలైన అంతర్జాతీయ పశువైద్య ఆక్యుపంక్చర్ సంఘం శిక్షణ ఉంది. గుచ్చిన సూదులకు సన్నగా కరెంటు పంపే పద్ధతి మీద బ్రెజిల్ వైద్యులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇలాంటి జబ్బే ఉన్న 40 కుక్కల్లో, ఆపరేషన్ ఒక్కటే అయిన వాటికంటే సూదులు పడినవే ఎక్కువగా నడిచాయట. చిన్న అధ్యయనం, పైగా చీట్లు వేసి విడదీసిన గుంపులూ కావు. అయినా వాతల కంటే నయం అనుకున్నాను.

మొదటి సూది రెండు చెవుల మధ్య నడినెత్తిన పెట్టారు. బెల్లం ఒక్కసారి తుమ్మి, ముందున్న చాప మీద పూసిన వేరుశనగ వెన్న నాకడంలో పడింది. తరువాత వెన్నుకు రెండు పక్కలా జంటలుగా గుచ్చి, ఎర్ర, నల్ల క్లిప్పులు తగిలించి చిన్న పెట్టె మీట తిప్పగానే తొడ కండ ఈగ వాలిన ఎద్దు చర్మంలా అదరసాగింది. అలా ఇరవై నిమిషాలు. వారానికి రెండు సార్లు వెళ్ళాం.

అసలు కష్టమంతా ఇంట్లో. మూత్రం తనంతట పోయలేదు కనుక నాలుగు పూటలా పొట్టను రెండు అరచేతుల మధ్య పట్టి, నీళ్ళ బెలూన్‌లా తగిలే తిత్తిని వెతికి మెల్లగా నొక్కాలి. మొదటి రాత్రి రెండు గంటలకు దొరకక ఏడ్చాను. తొమ్మిదో రోజు అలా నొక్కుతుండగా తోక నా మణికట్టును తాకింది. తాకిందో, ఊపిందో తెలియలేదు. మూడో వారంలో నాలుగు క్షణాలు నిలబడింది. ఏడో వారానికి తాగుబోతులా తూలుతూ వంటింటి దాకా నడిచింది.

ఇది సూదుల వల్లనా, క్రేటు వల్లనా, కాలం వల్లనా అంటే విడదీసి చెప్పలేను. క్రేటుకే ఎక్కువ మార్కులు వేస్తాను. సూదులు పడిన రాత్రి మాత్రం అది మూలగకుండా పడుకునేది. దానికి నేనే సాక్షిని.

వెన్నును, కీళ్ళను చేత్తో నొక్కి సర్దే కైరోప్రాక్టిక్ గురించి మొదటి వారంలోనే అడిగితే, చిట్లిన డిస్కు ఉన్న వెన్నును తోయనివ్వకూడదని సూదుల డాక్టరు గారు గట్టిగానే చెప్పారు. నాలుగు నెలలు గడిచాక, బరువంతా ముందు కాళ్ళ మీదే మోసి బిగిసిన భుజాలకు, మెడకు మాత్రం, ఆ విద్యలో ధ్రువపత్రం ఉన్న మరో పశువైద్యుడి చేత చేయించారు. ఎముకలు పటపటమనిపిస్తారని భయపడ్డాను కానీ, ఆయన రెండు వేళ్ళతో చిన్నగా తట్టినట్టు తప్ప ఏమీ కనిపించలేదు. బెల్లం ఆవులించింది. మూడు సార్లు వెళ్ళినా తేడా పోల్చుకోలేక మానేశాను.

ఇప్పుడు సోఫాకు వాలుబల్ల ఉంది. నేను చూస్తున్నప్పుడు దాని మీదుగా ఎక్కుతుంది. వీధిలో నడిచేటప్పుడు కుడి వెనక కాలు కాస్త ఈడుస్తుంది. కాలిబాట సిమెంటు మీద ఆ రాపిడి సన్నగా వినిపిస్తుంది. ఆ కాలి నడిమి గోళ్ళు రెండూ అలా అరిగిపోతూనే ఉంటాయి కనుక, వాటిని నేను కత్తిరించే పని లేదు.