బీటిల్ ఇంజన్‌లో మూడో నంబరు సిలిండరు

రెండేళ్ళ నుంచి మా గ్యారేజీలో ఒక 1968 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఎంతవరకొచ్చింది నీ కారు అని అడుగుతూనే ఉన్నారు, ఇప్పుడు ఇంజన్ వేశాక 300 మైళ్ళు తిరిగింది కాబట్టి ఇక కూర్చుని రాయొచ్చు అనిపించింది. పెయింట్ ఇంకా కాలేదు, లోపల సీట్లకి కవర్లు లేవు, కానీ బండి నడుస్తోంది, వేడెక్కట్లేదు, నాకు కావాల్సింది ముందు అదే.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. కారు దొరికింది ఇక్కడికి రెండు గంటల దూరంలో ఒక పొలంలో ఉన్న పాత కొట్టంలో. అమ్మినాయన ఇంజన్ తిరుగుతుంది అన్నాడు, చేత్తో పుల్లీ పట్టుకుని తిప్పి చూశాను, తిరిగింది. వెనక సీటు ఎత్తితే ఫ్లోర్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ మీద నంబరు కొట్టి ఉంటుంది, 118తో మొదలైంది, అంటే 1968 మోడలే. అదే సీటు కింద కుడిపక్క బ్యాటరీ ఉండాలి, అక్కడ రేకు లేదు, కింద గడ్డి కనిపించింది. బీటిల్ కొనాలనుకునేవాళ్ళు ముందు ఆ బ్యాటరీ కింద రేకు చూడండి, యాసిడ్ పడీ పడీ ఎక్కడైనా ముందు పోయేది అదే. పైగా ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్ళకి మిగతా ఫ్లోర్ కూడా అప్పడంలా అయిపోయింది. అయినా కొన్నాను. 2,800 డాలర్లు.

ఇంజన్ దించడం గురించి చాలామంది భయపడతారు గానీ ఈ కారుకి అది ఒక సాయంత్రం పని. ఇంజన్ వెనక ఉంటుంది, గేర్‌బాక్స్‌కి నాలుగే నాలుగు చోట్ల బిగించి ఉంటుంది, పైన రెండు కింద రెండు. జనరేటర్ వైర్లు, కాయిల్ వైరు, యాక్సిలరేటర్ కేబులు, హీటర్ కేబుళ్ళు, పెట్రోల్ పైపు విప్పేసి (పైపు మూతి మూసెయ్యాలి, లేకపోతే ముందున్న ట్యాంకులోంచి కారుతూనే ఉంటుంది), కింద జాకీ పెట్టి, మెల్లిగా వెనక్కి లాగి దించటమే. సుమారు 110 కేజీలు ఉంటుంది. మా ఆయన జాకీ దగ్గర, మా పాప టార్చిలైటు పట్టుకుని, నేను కింద పడుకుని. అది గేర్‌బాక్స్ షాఫ్ట్ నుంచి ఊడి వచ్చేటప్పుడు ఒక చిన్న కుదుపు వస్తుంది చూడండి, దాని కోసం ఇంకో పది ఇంజన్లు దించమన్నా దించుతాను.

దించి బెంచీ మీద పెట్టాక తెలిసింది అసలు సంగతి. ఈ ఇంజన్‌కి నీళ్ళ రేడియేటరు ఉండదు, ఫ్యాన్ గాలే చల్లబరుస్తుంది, ఆ గాలిని నడిపించడానికి ఉండాల్సినవి సగం లేవు. థర్మోస్టాట్ లేదు, ఫ్యాన్ హౌసింగ్ లోపలుండే ఫ్లాపులు లేవు, ఇంజన్ చుట్టూ బాడీకి ఆనుకునే రబ్బరు సీలు లేదు, ఎడమపక్క రెండు సిలిండర్ల కింద ఉండే చిన్న డిఫ్లెక్టర్ రేకు కూడా లేదు. యాభై ఏళ్ళలో ఎవరెవరో ఇంజన్ దించినప్పుడల్లా, ఇదెందుకులే, ఇదొక అడ్డం అని ఒక్కొక్కటీ పక్కన పడేశారు.

ఆ శనివారం రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున ఆరున్నర, కాఫీ తాగుతున్నారు. నాన్న గుడివాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు, జీవితమంతా నీళ్ళ రేడియేటరు ఉన్న లేలాండ్ డీజిల్ ఇంజన్లే, బీటిల్‌ని చిన్నప్పుడు బెజవాడలో ఒకసారి చూశారంతే, దాన్ని తాబేలు కారు అంటారు. ఫోను ఇంజన్ చుట్టూ తిప్పి చూపించాను, ఈ రేకులన్నీ లేకపోయినా తిరుగుతుందంటున్నారు నాన్నా, కొత్తవి కొనాలా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన చేతక్ బండి గుర్తుందా అమ్మా? దాని ఫ్యాన్ కవరు, సిలిండరు మీద కవరు తీసేసి ఊళ్ళో తిప్పితే ఏమవుద్ది?" అన్నారు. "పట్టేస్తుంది" అన్నాను. "మరింకేంటి అడుగుతావు" అన్నారు.

అంతే, నాకు మొత్తం అర్థమైపోయింది. బుల్లెట్ ఇంజన్ బయటికి కనిపిస్తూ ఉంటుంది, బండి పోతుంటే ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది. చేతక్ ఇంజన్ అలా కాదు, డొప్పలోపల దాక్కుని ఉంటుంది, ఫ్లైవీల్ మీదే ఫ్యాను ఉంటుంది, ఆ గాలి ఎటూ పోకుండా సిలిండరు రెక్కల మధ్యలోంచే పోవడానికి కవరు ఉంటుంది. బీటిల్ కూడా అచ్చం అంతే, కాకపోతే పెద్దది. జనరేటర్ షాఫ్ట్ చివర ఫ్యాను, 4,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 500 లీటర్ల పైన గాలి లాగుతుంది, ఆ గాలంతా రేకుల దారిలో పైనుంచి సిలిండర్ల మీదకి దిగి, రెక్కల సందుల్లోంచి వెళ్ళి కింద నుంచి బయటికి పోవాలి. రబ్బరు సీలు లేదనుకోండి, కింద సైలెన్సర్ దగ్గర కాలిపోతున్న వేడిగాలే మళ్ళీ పైకి వచ్చి ఫ్యాన్‌లోకి దూరుతుంది. సిలిండరు కింద డిఫ్లెక్టర్ లేదనుకోండి, గాలి పైభాగం తాకి పక్కకి జారిపోతుంది, కిందివైపు రెక్కలకి అందదు. ఇక థర్మోస్టాట్, ఫ్లాపులు ఎందుకంటే, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద గాలి పడకుండా ఆపి తొందరగా వేడెక్కనివ్వడానికి, 65, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర థర్మోస్టాట్ సాగి ఫ్లాపులు తెరుచుకుంటాయి. వేడి ప్రాంతంలో అవి అక్కర్లేదు తీసెయ్యి అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. చల్లగా తిరిగే ఇంజన్ కూడా అరిగిపోతుంది, ఆయిల్‌లో తేమ చేరి బురద కడుతుంది, అదీగాక ఆ ఫ్లాపులు తెరుచుకున్నాక గాలిని ఇటూ అటూ మళ్ళించే పని కూడా చేస్తాయి.

ఇప్పుడు మూడో నంబరు దగ్గరికి వస్తాను. బీటిల్‌కి నాలుగు సిలిండర్లు, కుడిపక్క 1, 2, ఎడమపక్క 3, 4, ఫైరింగ్ ఆర్డర్ 1-4-3-2. ఆయిల్ కూలర్ ఫ్యాన్ హౌసింగ్ లోపలే నిలబడి ఉంటుంది, సరిగ్గా మూడో సిలిండరు పైన. అంటే ఫ్యాన్ గాలి ముందు వేడి ఆయిల్ కూలర్‌ని తాకి, వేడెక్కి, అప్పుడు మూడో నంబరుకి చేరుతుంది. తతిమా మూడింటికీ చల్లగాలి, దీనికి మాత్రం ఎంగిలి గాలి. కంపెనీవాళ్ళకీ ఇది తెలుసు, 1971 మోడల్‌లో కూలర్‌ని పక్కకి జరిపి దానికో విడి గది కట్టారు. నా కారు 1968, కాబట్టి పాత పద్ధతే. అలాంటి ఇంజన్‌కి సరిగ్గా ఎడమవైపు డిఫ్లెక్టరే తీసి పారేశారు!

హెడ్, అంటే సిలిండర్ల మీద వాల్వులుండే మూత, దించాక చూస్తే అనుకున్నదే. మూడో నంబరు ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒకచోట గోరుతో గిల్లినట్టు కాలిపోయి ఉంది. వేడికి వాల్వు కాడ సాగుతుంది, సాగితే ట్యాపెట్ గ్యాప్ (వాల్వు కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు) తగ్గుతుంది, తగ్గీ తగ్గీ సున్నా అయితే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, కూర్చోకపోతే దాని వేడి హెడ్‌లోకి పోయే దారి లేదు, ఇంకా కాలుతుంది. ఇంకొన్నాళ్ళు అలాగే తిప్పి ఉంటే వాల్వు తల ఊడి పిస్టన్ మీద పడేది, అప్పుడు ఇంజన్ మొత్తం పోయేది.

ఈ ఇంజన్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే సిలిండర్లు విడివిడిగా ఉంటాయి. మనూళ్ళో ఇంజన్ బోరుకొచ్చింది అంటే బ్లాకు పట్టుకుని లేతు దగ్గరికి పరిగెత్తాలి కదా, ఇక్కడ పాత నాలుగూ లాగేసి కొత్త నాలుగూ తొడిగెయ్యడమే, ఇంట్లోనే. నాది అసలు 83 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 1,493 సీసీ. సిలిండర్లు కూర్చునే ఇంజన్ కేసింగ్‌ని కోయకుండానే 85.5 మిల్లీమీటర్లవి పడతాయి, 1,584 సీసీ అవుతుంది, అవే వేశాను. కొత్త రకం ఆయిల్ కూలర్ పెట్టుకోమని చాలామంది చెప్పారు, మంచి సలహానే, రోజూ తిప్పే బండి అయితే నేనూ అదే పెడతాను. కానీ దీన్ని 1968లో ఎలా ఉందో అలాగే చూడాలని నా ఆశ, అందుకని మూడో నంబరుని జాగ్రత్తగా చూసుకుంటాను, కూలర్ మాత్రం మార్చను అనుకున్నాను.

హెడ్లు ఒక మెషిన్ షాపుకి ఇచ్చాను, కొత్త గైడ్లు, వాల్వులు, సీటు పని. నాలుగు నెలలు పట్టింది. తీరా ఇంటికి తెచ్చి, హెడ్ తిరగేసి పోర్టుల్లో కొంచెం పెట్రోలు పోసి చూస్తే రెండు వాల్వుల పక్కనుంచి చెమ్మ దిగింది, అందులో ఒకటి మళ్ళీ మూడో నంబరుదే. ఏడుపొచ్చింది. తిరిగి వాళ్ళకి ఇవ్వలేదు, గ్రైండింగ్ పేస్టు పూసి, కర్రకున్న రబ్బరు గిన్నెతో వాల్వుని అరచేతుల మధ్య తిప్పుతూ, మజ్జిగ చిలికినట్టు రెండు సాయంత్రాలు కూర్చున్నాను, బూడిద రంగు వలయం చుట్టూ ఒకే వెడల్పులో వచ్చేదాకా. మళ్ళీ పెట్రోలు పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున చుక్క కూడా దిగలేదు.

రేకుల కోసం మాత్రం తిరగాల్సి వచ్చింది. కొత్తగా తయారుచేసి అమ్మేవి దొరుకుతాయి కానీ నాకొచ్చినవి అంచులు కలవలేదు, సందులు వచ్చాయి, సందు ఉంటే ఇక రేకు వేసి లాభమేంటి. పాత విడిభాగాల సంతల్లో తుప్పు పట్టిన అసలు జర్మన్ రేకులు దొరికాయి, వాటినే రుద్ది నల్ల పెయింటు కొట్టాను. ఆ ఎడమ డిఫ్లెక్టరు అరచేయంత ఉంటుంది. దానికి నేనిచ్చింది 10 డాలర్లు.

బిగింపులో ఒక తప్పు చేశాను, చెప్పాలి. సిలిండరు హెడ్‌కీ కేసింగ్‌కీ మధ్య ఎనిమిది పుష్‌రాడ్ గొట్టాలు (వాల్వులని తెరిచే కడ్డీలు వీటిలోంచే పోతాయి) ఉంటాయి, చివర్లు అకార్డియన్‌లా ముడతలుగా ఉంటాయి, వేసేముందు వాటిని కొంచెం సాగదీయాలి, అప్పుడే రెండు చివరలా సీలు మీద నొక్కుకుని ఉంటాయి. ఎడమపక్కవి సాగదీయకుండానే హెడ్ బిగించేశాను, 23 ఫుట్-పౌండ్ల దాకా వరసప్రకారం. మొదటిసారి స్టార్ట్ చేసిన పది నిమిషాలకి ఆయిల్ కారి కింద వేడి పైపుల మీద పడి పొగ, ఈ కారులో హీటర్ గాలి కూడా అక్కడి నుంచే వస్తుంది కాబట్టి కారు లోపలంతా మాడు వాసన. మళ్ళీ ఇంజన్ దించి, హెడ్ విప్పి, గొట్టాలు సాగదీసి బిగించాను. ఇంకో విషయం, పెట్రోల్ పైపులు, అవి పైకి బాగానే కనిపిస్తాయి కానీ దారపు అల్లిక కింద రబ్బరు బీటలు వారి ఉంటుంది, కార్బురేటర్‌కి నొక్కి పెట్టిన ఇత్తడి మూతి కూడా వదులై ఊడొస్తుంది. ఇంజన్ పైన పెట్రోలు, పక్కనే డిస్ట్రిబ్యూటర్. బీటిళ్ళు కాలిపోయేది ఎక్కువగా ఇలాగే, కారు కొన్నరోజే ఆ పైపులన్నీ మార్చండి, నడిపి చూసేముందే.

ఫ్లోరు పని నేను చెయ్యలేదు, వెల్డింగ్ నాకు రాదు. తెలిసినాయన రెండు పక్కలా కొత్త రేకు వేసి ఇచ్చాడు.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, తాళం తిప్పగానే ఆ కుట్టుమిషన్ లాంటి చప్పుడు, ఒక్కసారికే. నడిపేటప్పుడు నా కళ్ళు స్పీడు మీద కంటే మీటర్లో ఉన్న ఎర్ర లైటు మీదే ఉంటాయి. అది వెలిగితే వేరే కార్లో అయితే బ్యాటరీ ఛార్జ్ అవ్వట్లేదు, ఇంటికి వెళ్ళి చూద్దాంలే అనుకోవచ్చు, ఇందులో ఆ ఒక్క బెల్టే జనరేటర్‌నీ ఫ్యాన్‌నీ తిప్పుతుంది, లైటు వెలిగిందంటే గాలి ఆగిపోయి ఉండొచ్చు, అక్కడికక్కడే ఆపెయ్యాలి. స్పేర్ బెల్టు, పుల్లీ విప్పే స్పానరు డిక్కీలో పెట్టుకున్నాను, అదే ముందు ఉంటుంది కదా ఈ కారుకి.

మొన్న శనివారం 300 మైళ్ళ చెకింగ్. ఆయిల్ మార్చాను, రెండున్నర లీటర్లే పడుతుంది, ఫిల్టరు లేదు, కింద ఒక జాలీ ఉంటుంది అంతే, కడిగి పెట్టాను. తర్వాత ట్యాపెట్లు. ఇంజన్ రాత్రంతా చల్లారాక చూడాలి, గ్యాపు 0.006 అంగుళం, 0.15 మిల్లీమీటరు. ఫోను జాక్ స్టాండుకి ఆనించి నాన్నకి కాల్ చేశాను. మొదటి నంబరు చూసి, పుల్లీని అర చుట్టు వెనక్కి తిప్పి రెండోది, ఇంకో అర చుట్టు తిప్పి మూడోది. గ్యాపు కొలిచే సన్నటి బ్లేడు దూర్చాను. నోట్‌బుక్కు మూసి మధ్యలోంచి కాగితం లాగితే ఎలా వస్తుందో అలా రావాలి అని చిన్నప్పుడు నాన్న చెప్పేవారు, అలాగే వచ్చింది, బిగిసిపోలేదు, వదులూ లేదు.

"మూడోది ఎంతుందమ్మా?" అన్నారు నాన్న.

"పెట్టినంతే ఉంది నాన్నా, కదల్లేదు."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూశాను. అంతే ఉంది. సరే నాలుగోది చూసి మూత పెట్టెయ్, ప్యాకింగ్ కొత్తది వెయ్యి, పాతది వెయ్యకు అన్నారు. కొత్తదే వేశాను.