"ఎట్లుందన్నా?" అంటే ఏం చెప్పాలి

దుబాయ్‌కీ హైదరాబాద్‌కీ గంటన్నర తేడా. నేను డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కేసరికి చిక్కడపల్లిలో మా కీబోర్డ్ తమ్ముడు అన్నం తిని, కొత్త ట్యూన్ వాట్సాప్‌లో పడేస్తాడు. కిందనే "ఎట్లుందన్నా?" అని మెసేజ్.

ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కలిసి వాయించేవాళ్లం, నాది తబలా. ఇప్పుడు గోదాంలో స్టోర్‌కీపర్ని. "మంచిగుంది తమ్మీ" అనేసి పడుకోవచ్చు. గల్ఫ్ నుంచి ఇంటికి చేసే ఫోన్లన్నీ అలాగే నడుస్తాయి: వాళ్లూ బాగున్నారు, మనమూ బాగున్నాం. పాట కట్టినవాడికి మాత్రం ఆ మాట దేనికీ పనికిరాదు.

గోదాంలో "సరుకు బాగాలేదు" అని రాస్తే సూపర్‌వైజర్ కాగితం వెనక్కి పంపుతాడు. ఏ ర్యాక్, ఏ పెట్టె, ఏ మూల నలిగిందో కావాలి. పాటకీ నేను అలాగే చెప్తాను. మొన్నటిది హిందోళం రాగం. పల్లవి చక్కగా కుదిరింది. అది ముందే చెప్పాను, మొహమాటానికి కాదు, దాని జోలికి వెళ్లొద్దని. చరణం రెండో లైన్లో పంచమం, అంటే "ప" స్వరం, తగిలింది. హిందోళంలో రి, ప ఉండవు. సినిమా ఫక్కీ పాటలో ఇలా రాగంలో లేని అన్యస్వరం పడితే కొంపలేం మునగవు, ఒక్కోసారి అదే అందం. అందుకే తప్పు అనకుండా, "కావాలనే వేశావా?" అని అడిగాను.

"చెయ్యి జారిందన్నా. కానీ వింటుంటే మంచిగనే ఉంది."

"అయితే రెండో చరణంలోనూ అక్కడే వెయ్యి. లేకపోతే జారినట్టే వినిపిస్తుంది."

"మనసు" దగ్గర మాత్రం గట్టిగానే చెప్పాను. తాళం దెబ్బ "మ" మీద పడి, రాగం కూడా అక్కడే సాగి "మానసు" అయింది. ఇది అభిరుచి సంగతి కాదు. దెబ్బకు ముందే "మన" ఎత్తుకుంటే, చివరి "సు" ఎంత సాగినా మన చెవి ఊరుకుంటుంది.

నేనైతే ఎలా కడతానో పాడి పంపాలని నోరు దురద పెడుతుంది. పంపను. అన్న చెప్పాడని అదే పెట్టేస్తాడు, ఇక వాడి పాట నాదైపోతుంది. పైగా రూములో ఆరుగురం, రాత్రిపూట రాగం తీస్తే చెప్పులు పడతాయి.

మిక్సింగ్ గురించి ఏమీ అనలేదు. బస్సు రొదలో, చవక ఇయర్‌ఫోన్‌లో బేస్ ఏం తెలుస్తుంది? "బస్సులో విన్నా, బేస్ సంగతి నన్నడక్కు" అని రాశాను. సెలవుకొచ్చాక వాడి గదిలో స్పీకర్ల మీద వింటే, డగ్గా (తబలా జతలో ఎడమచేతిది) నాదాన్ని బేస్ గిటార్ మింగేస్తోంది. రెండూ కింది స్థాయిలోనే మోగేవి, ఒకేసారి పడితే ఒకటి తగ్గాల్సిందే. తబలావాణ్ణి కదా, కొంత పక్షపాతం కూడా ఉండొచ్చు.

"మనసు" సరిచేశాడు. రెండో చరణంలో పంచమం మాత్రం వెయ్యలేదు. "ఒక్కసారి తగిలితేనే మజా అన్నా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడుస్తూ అదే వాదన, చాయ్ దగ్గరా అదే. వాడు వినలేదు. డగ్గా మాత్రం పెంచాడు.