బరంపురం అప్పడాలు హద్దు దాటిన దారి: నా అనుభవం

మాది బరంపురం. ఒడిశాలో గంజాం జిల్లా. ఇచ్ఛాపురం మాకు పాతిక కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఆంధ్ర. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి ఇక్కడ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. అప్పడాలు, పచ్చళ్లు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల చేతిపని. మా అత్తయ్య కూడా ఏళ్ల తరబడి చేస్తున్నారు. తెలిసినవాళ్లు ఇంటికొచ్చి పట్టుకెళ్లేవారు, అంతే. దాన్ని దుకాణాలదాకా, ఆ తర్వాత పక్క రాష్ట్రందాకా తీసుకెళ్లడానికి నేను ఏమేం చేశానో, ఏ కాగితం ఎందుకు అక్కరకొచ్చిందో రాస్తున్నాను. ఇంట్లో తినే సరుకు చేసి అమ్ముకునేవాళ్లు, అందులోనూ మాలాగ రెండు రాష్ట్రాల నడుమ ఉన్నవాళ్లు, ఇది చదవాలని నా కోరిక.

ముందు ఒక నోటుపుస్తకం కొన్నాను. అత్తయ్య లెక్కంతా నోటిమీదే ఉండేది. పిండి ధరకి ఇంత కలిపి అమ్మేయడమే. నేను కిలో మినపపిండి దగ్గర మొదలుపెట్టి ఆఖరి అప్పడం కవర్లో పడేదాకా అయిన ప్రతి ఖర్చూ రాశాను. మిరియాలు, జీలకర్ర, ఇంగువ, పాపడ్‌ఖార్ (అప్పడాల్లో వేసే క్షారం), వత్తేటప్పుడు రాసే నూనె, కవరు, లేబులు, వత్తినవాళ్ల కూలి. ఇవి అందరూ రాస్తారు. విరిగినవి ఎన్ని పోయాయి, ఆరాక తూకం ఎంత తగ్గింది, తెల్లవారకుండా లేచి పిండి కలిపిన మనిషి కూలి ఎంత అనేవి ఎవరూ రాయరు.

"ఇంటి పనికి కూలేమిటమ్మా?" అన్నారు అత్తయ్య.

"రేపు మీకు ఒంట్లో బాగోకపోతే ఇంకొకరిని పెట్టుకోవాలి కదా అత్తయ్యా, వాళ్లు ఊరికే చేస్తారా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే రాయి" అన్నారు.

అలా రాస్తే ఒక సంగతి బయటపడింది. మా దగ్గర బాగా పోయేవి చిన్న సైజు అప్పడాలు. పెద్దవీ చిన్నవీ కిలో ఒకే ధరకి ఇస్తున్నాం. కానీ కిలో పిండిని చిన్నవిగా వత్తాలంటే చేతిపని దాదాపు రెట్టింపు. అంటే ఎక్కువ అమ్ముడయ్యేదాని మీదే మాకు మిగిలేది తక్కువ. చిన్నవాటి ధర పెంచాం. కొందరు గొణిగారు, అయినా మళ్లీ మా దగ్గరికే వచ్చారు. అమ్మకం పెంచుకుందామనుకునే ముందు ఈ లెక్క చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నష్టానికి అమ్మే సరుకు ఎక్కువ అమ్మితే నష్టమే ఎక్కువవుతుంది.

తర్వాత కాగితాలు. దుకాణంవాళ్లు మొదట అడిగింది ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న తయారీదారులకి బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోయేది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫాస్కాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆధార్, ఫోటో పెట్టి మనమే అప్లై చేసుకోవచ్చు. వచ్చే 14 అంకెల నంబరు ప్రతి ప్యాకెట్ మీదా ఉండాలి. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అయితే పూర్తిగా ఉచితం, ఆధార్‌తో ఇంట్లో కూర్చునే అయిపోతుంది. మా వీధిలో ఒక నెట్ సెంటర్‌లో దానికి వెయ్యి రూపాయలు అడిగారు. డబ్బు వసూలు చేసే నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. గవ్ డాట్ ఇన్‌తో ముగిసే అడ్రసే చూసుకోండి.

లేబుల్ దగ్గర కాస్త ఎక్కువ సమయం పెట్టాను, పెట్టాల్సిందే. నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, ఎన్నాళ్లలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, దినుసులు, శాకాహారం అని తెలిపే పచ్చచుక్క, మన పేరు, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, అన్నీ ఉండాలి. ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ తప్పనిసరి. మిగతా భాషలు వాటికి అదనంగా పెట్టుకోవచ్చు. మాది ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడింటిలోనూ వేయించాం. మా ఊరి బడా బజారులో దుకాణదారు ఒడియా చదువుతాడు, ఆంధ్రలోని సోంపేటలో కొనే ఆవిడ తెలుగు చదువుతుంది. ఒకే కవరు రెండు చోట్లా పనికొస్తోంది, ప్రింటు ఖర్చు ఒక్కసారే.

బడా బజారులో సరుకు పెట్టించడం కష్టం కాలేదు. డబ్బు రాబట్టడమే కష్టం. అందరూ అప్పే అడుగుతారు. ఉద్యమ్ ఉన్న చిన్న తయారీదారుకి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు కట్టాలని ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. ఆ హక్కు ఉందని తెలియడం మంచిదే. కానీ వీధి చివర దుకాణదారు మీద ఫిర్యాదు పెట్టి మళ్లీ ఆయనకే అప్పడాలు ఎలా ఇస్తాం? నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: పాత బిల్లు తీరాకే కొత్త సరుకు. మొదటిసారి ఎవరికైనా పది ప్యాకెట్లకి మించి ఇవ్వను. ఒక పెద్ద దుకాణం నెల పొడుగునా అప్పు మీద వంద ప్యాకెట్లు అడిగితే, "ఇప్పుడు కుదరదు భాయి, పది తీసుకోండి, పోయాక ఫోన్ చేయండి" అన్నాను. ఆయన ఫోన్ చేశాడు.

వచ్చిన ప్రతి రూపాయీ వ్యాపారం పేరున విడిగా తెరిచిన ఖాతాలోనే పడాలని పట్టుబట్టాను. ఇంటికొచ్చి కొనేవాళ్ల కోసం గుమ్మంలో క్యూఆర్ కోడ్ అతికించాను. లోన్ దగ్గర ఇదే నన్ను కాపాడింది.

లోన్ ఎందుకంటే, వాన. గంజాంలో జూన్ నుంచి సెప్టెంబరుదాకా డాబా మీద ఏదీ ఆరదు. అక్టోబరులో తుపాన్ల భయం. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ పలాస వైపు వచ్చింది అక్టోబరు 11న. అంటే ఏడాదిలో మూడో వంతు పైగా మా సరుకు దుకాణంలో ఉండేది కాదు. అన్ని నెలలు కనపడకపోతే దుకాణదారు ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. చుట్టాలంతా వత్తే మెషీన్ కొనమన్నారు. కానీ మాకు వత్తే చేతులకి కొరత లేదు, పక్కింటి మావుసీతో (పిన్నితో) సహా నలుగురు ఉన్నారు. పని ఆగేది ఆరబెట్టే దగ్గర. అందుకే ట్రేలు ఉండే కరెంటు డ్రయ్యర్ కొందామనుకున్నాను. వ్యాపారం ఎక్కడ ఆగుతోందో అక్కడే డబ్బు పెట్టాలి, పక్కవాళ్లు కొన్నది చూసి కాదు.

డబ్బు కోసం రెండు దారులు చూశాను. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్‌లో శిశు అనే రకం 50,000దాకా, కిశోర్ 5 లక్షలదాకా, తాకట్టు అక్కర్లేదు. రెండోది 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం, చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసమే. నేను తీసుకున్నప్పుడు అర్హమైన ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు ఉండేది. మన వాటా కనీసం 10 శాతం. నేను రెండోది పట్టుకున్నాను. ఉదాహరణకి మొత్తం ఖర్చు 3 లక్షలనుకుంటే మనం పెట్టేది 30,000, బ్యాంకు ఇచ్చేది 2,70,000, సబ్సిడీ 1,05,000. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. లోన్‌కి అనుబంధంగా విడిగా ఉంచుతారు. మూడేళ్లపాటు వాయిదాలు సక్రమంగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే బాకీలో సర్దుతారు. ఇది తెలియక సబ్సిడీ డబ్బుతో మొదటి వాయిదాలు కట్టేద్దామనుకునేవాళ్లు ఇబ్బంది పడతారు. ప్రాజెక్టు రిపోర్టు రాయించడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరుంటారు, మనం ఆయనకి ఫీజు ఇవ్వక్కర్లేదు.

బ్యాంకులో నా ఫైలు చాన్నాళ్లు కదల్లేదు. డ్రయ్యర్ కొటేషన్ ఒకసారి, కరెంటు లోడ్ పెంచిన కాగితం ఇంకోసారి అడిగారు. చివరికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఖాతా స్టేట్‌మెంట్ తిప్పి చూసి, "నెల నెలా ఇంత పడుతోందే" అన్నాడు. ఇరవై, నలభై, నూటయాభై అని చిన్న చిన్న యూపీఐ జమలు పేజీల నిండా ఉన్నాయి. ఆ తర్వాత పని చకచకా అయింది.

డ్రయ్యర్ వచ్చాక అత్తయ్య దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది. అప్పడం పూర్తిగా ఎండకూడదు. రెండు అంచులూ పట్టుకుని వంచితే తోలులా వంగాలి, వేలికి తడి మాత్రం తగలకూడదు. మరీ ఎండితే అంచు మెలితిరిగి కవర్లో పెట్టేలోపే విరుగుతుంది. తడి మిగిలితే బూజు పడుతుంది. డ్రయ్యర్ వేడి పెంచితే త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ, పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది. అత్తయ్య ప్రతి ట్రే నుంచీ ఒకటి తీసి వంచి చూసి, "ఇంకో పావుగంట" అనేవారు. ఆ పావుగంటలే నేను గోడమీద రాసి పెట్టుకున్నాను. ఆ ఏడు శ్రావణంలో కూడా దుకాణాలకి సరుకిచ్చాం.

ఇక హద్దు సంగతి. మా వ్యాపారం పెరిగింది దీనివల్లే కాబట్టి వివరంగా చెబుతాను. వస్తువులు అమ్మేవాళ్లకి ఒడిశాలో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ పన్ను ఉన్న సరుకు పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, ఒక్క రూపాయి అమ్మినా రిజిస్టర్ కావాల్సిందే. ఇచ్ఛాపురం మాకు పక్క ఊరే, చట్టానికి పక్క రాష్ట్రం. మరి అప్పడం? అప్పడాల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు హద్దు దాటితే ఆ నియమం తగలదు. మా ఆడిటర్ గారు ఇది చెప్పిన రోజు నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. అప్పటిదాకా "ఆంధ్రకి అమ్మాలంటే జీఎస్టీ కావాలి" అన్న మాట విని మా వీధిలో చాలామంది ఆగిపోయారు.

అందుకని అప్పడాలు ముందు పంపాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట. పచ్చళ్ల మీద పన్ను ఉంది కాబట్టి వాటిని ఒడిశాలోనే ఉంచాం. ఈ రెండిటినీ విడదీయడం వల్లే పెద్ద టెన్షన్ లేకుండా కొత్త ఊళ్లు దొరికాయి.

సూరత్ కూడా అలాగే వచ్చింది. గంజాం నుంచి అక్కడి మరమగ్గాల్లో పనికి వెళ్లేవాళ్లు లెక్కలేనంతమంది. సెలవుకి వచ్చి వెళ్లేటప్పుడు సంచుల్లో అప్పడాలు పట్టుకెళ్తారు. రైల్లో అన్ని గంటలు పోయేసరికి సగం ముక్కలయ్యేవి. మా ఆయన ఒక ఉపాయం చేశారు. అప్పడం సైజుకి అట్టబిళ్లలు కత్తిరించి, కట్టకి కిందొకటి పైనొకటి పెట్టి, దారంతో అడ్డంగా, నిలువుగా కట్టారు. దారం మరీ బిగిస్తే అంచులు విరుగుతాయి, వేలు దూరేంత వదులు ఉండాలి. ఆ కట్టని కవర్లో పెట్టి సీల్ చేసి, డబ్బాలో నిలబెట్టి సర్దితే దాదాపు ఏవీ విరగలేదు. పడుకోబెడితే పైవాటి బరువుకి కిందవి పోతాయి. పట్టుకెళ్లినవాళ్ల ద్వారానే అక్కడి ఒడియా కిరాణా దుకాణం ఒకటి ఫోన్ చేసింది, ఇప్పుడు పార్సిల్‌లో పంపుతున్నాం.

ఆ దుకాణమే ఆవకాయ కూడా అడిగింది. ఇక్కడ జీఎస్టీ తప్పదు. చిన్నవాళ్లకి తేలికని చెప్పే కాంపోజిషన్ పద్ధతిలో తయారీదారు 1 శాతం కట్టి ఊరుకోవచ్చు, కానీ అందులో ఉన్నవాళ్లు పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. హద్దు మీద ఉన్న మాకు అది పనికిరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పచ్చళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. అప్పుడు మామూలు రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. ఇక ఒడిశాలో అమ్మే పచ్చడి మీద కూడా 5 శాతం వెయ్యాల్సిందే, ఆ మేరకు ఇక్కడి దుకాణాలతో మళ్లీ మాట్లాడుకోవలసి వచ్చింది. ప్లాస్టిక్ డబ్బాల మీద మేం కట్టే 18 శాతంలో పచ్చడికి వాడినంతవరకు క్రెడిట్ (మేం కట్టాల్సిన పన్నులో తగ్గింపు) వస్తుంది, అప్పడాలకి వాడినదానికి రాదు. అందుకే కొనుగోలు బిల్లులు రెండు ఫైళ్లుగా పెట్టుకున్నాను. రిటర్న్‌లు మూడు నెలలకొకసారి వేసే పద్ధతి ఎంచుకున్నాం. ఆడిటర్ గారికిచ్చే ఫీజు పచ్చడి ధరలో కలిపాను.

వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్‌లో చిరునామా కూడా పెట్టాం. వాటివల్ల ఊళ్లో కొత్తవాళ్లు వస్తున్నారు, ముఖ్యంగా రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్ర రోజుల్లో. అయినా నమ్మకంగా నెల నెలా కొనేది దుకాణాలే.

ఇప్పుడు అమ్మకం పెరిగింది కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ నుంచి దాని పై మెట్టయిన స్టేట్ లైసెన్సుకి మారాలనుకుంటున్నాం. దానికి పని చేసే గదుల ప్లాను, మెషీన్ల జాబితా, నీటి పరీక్ష రిపోర్టు కావాలి. వెనక గదికి దోమతెర తలుపు పెట్టించాం, ప్లాను మా మరిది గీసిచ్చాడు. నీళ్ల సాంపిల్ ల్యాబ్‌కి ఇచ్చాం, రిపోర్టు రాగానే అప్లై చేస్తాను.