అప్లికేషన్ ముందు, పరీక్ష తర్వాత: నా ఏ లెవెల్స్ అనుభవం

పదో తరగతి అయ్యాక నాన్న ఉద్యోగం మారడంతో ఇంగ్లండ్ వచ్చి ఇయర్ 12లో చేరాను, అంటే మన ఇంటర్ లాంటి రెండేళ్ల ఏ లెవెల్స్‌లో మొదటి ఏడాది (రెండోది ఇయర్ 13). మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తీసుకున్నాను. మన ఎంపీసీయే కదా, రెండేళ్లు కష్టపడి చివరి పరీక్షలు బాగా రాస్తే సీటు అదే వస్తుందనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

మన దగ్గర ముందు పరీక్ష, తర్వాత ర్యాంకు, ఆపైన కౌన్సెలింగ్. ఇక్కడ వరస వేరు. ఇయర్ 13 మొదలైన కొద్ది నెలలకే యూకాస్‌లో, అంటే యూనివర్సిటీలకు అప్లికేషన్లు పెట్టే ఉమ్మడి వెబ్‌సైట్‌లో, ఐదు కోర్సుల వరకు అప్లై చేయాలి. మెడిసిన్‌కైనా, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకైనా అక్టోబర్ 15 ఆఖరు. ఏ లెవెల్ పరీక్షలేమో మే, జూన్‌లలో! అందుకే చివర్లో ఏ గ్రేడ్లు రావచ్చో టీచర్లు వేసే అంచనాలను, అంటే ప్రెడిక్టెడ్ గ్రేడ్లను చూసి, ఫలానా గ్రేడ్లు తెచ్చుకుంటే సీటిస్తామని యూనివర్సిటీలు ఆఫర్ ఇస్తాయి. మా కాలేజీలో ఆ గ్రేడ్లకు ఆధారం ఇయర్ 12 చివర పెట్టే పరీక్షలు. నేను వాటిని యూనిట్ టెస్టుల్లా తేలిగ్గా తీసుకున్నాను. కెమిస్ట్రీలో సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నా పేపర్ పక్కన మార్క్ స్కీమ్ (ఏ పాయింటుకు మార్కు వేయాలో చెప్పే కాగితం) పెట్టుకుని కూర్చున్నాను. ఫాస్ఫరస్ కంటే సల్ఫర్‌కు మొదటి అయనీకరణ శక్తి ఎందుకు తక్కువ? రెండు మార్కులు. అక్క ఇంటర్ పుస్తకంలో చదివిన జవాబు, సగం నిండిన ఆర్బిటాళ్లకు స్థిరత్వం ఎక్కువని, అరపేజీ రాశాను. సున్నా. వాళ్లు అడిగింది రెండే ముక్కలు: సల్ఫర్‌లో ఒక 3పి ఆర్బిటాల్‌లో ఎలక్ట్రాన్లు జతగా ఉన్నాయి, అవి ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. నాకు సబ్జెక్టు వచ్చు, వాళ్లు మార్కు ఎక్కడ వేస్తారో తెలియదు. మాథ్స్‌లో ఇంత ఇబ్బంది లేదు. జవాబు తప్పినా పద్ధతికి మార్కులు ఉంటాయి, స్టెప్పులు మాత్రం వదలకండి.

ఆ వేసవంతా పాత పేపర్లే. ఎగ్జామ్ బోర్డులు పేపర్లు, మార్క్ స్కీములు, ఎగ్జామినర్ రిపోర్టులు ఉచితంగానే పెడతాయి. పిల్లలు ఏ ప్రశ్నలో ఎక్కడ తప్పారో ఆ రిపోర్టుల్లో విడమరిచి రాస్తారు. నాకు ఏ గైడూ అంత ఉపయోగపడలేదు. సెప్టెంబర్‌లో టీచర్‌ని అడిగి మళ్లీ టెస్ట్ రాశాను. ప్రెడిక్షన్ ఏకి పెంచారు.

ఆఫర్లు వచ్చాక ఒకటి ఫర్మ్ (మొదటి ఎంపిక), ఒకటి ఇన్సూరెన్స్ (అది తప్పితే ఆసరాగా ఉండే రెండో ఎంపిక) పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్‌కి తక్కువ గ్రేడ్లు అడిగినదాన్నే ఎంచుకోండి. నా ఫర్మ్ అడిగిన గ్రేడ్లు ఏఏబీ, ఇన్సూరెన్స్ అడిగినవి బీబీబీ. ఆగస్టులో రిజల్ట్స్ రోజు పొద్దున్నే ఫర్మ్ ఖరారైంది. కెమిస్ట్రీలో ఏ.

ఇయర్ 12లో ఉన్నవాళ్లు మీ ప్రెడిక్షన్లకు ఏ పరీక్ష లెక్కలోకి వస్తుందో, అది ఏ నెలలోనో ఈ వారమే మీ టీచర్‌ని అడగండి.